మావయ్యగారి వెలుతురు

కిందటి నెల మా సెట్‌టాప్ బాక్స్ ప్రాణం విడిచింది. కొత్తది పట్టుకొచ్చిన కుర్రాడు పది నిమిషాల్లో బిగించేసి, రిమోట్ నా చేతిలో పెట్టి, "అంతా ఓకే మేడం" అని వెళ్ళిపోయాడు. బొమ్మ వస్తోంది, మాట వినిపిస్తోంది, ఇంకేం కావాలి? నేను కూరలు తరుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

సాయంత్రం సీరియల్ వేళకి అత్తయ్య పిలిచారు.

"అమ్మాయ్, ఇది మన టీవీ కాదే."

"మనదే అత్తయ్యా. బాక్సే మారింది."

"కాదు. మీ మావయ్య టీవీ ఇలా ఉండదు."

చేతులు తుడుచుకుంటూ వచ్చి చూశాను. నిజమే. సీరియల్లో కోడలి ఎర్రచీర కళ్ళలో గుచ్చుకుంటోంది. మొహాలన్నీ నీలి మందు పెట్టి ఉతికినట్టున్నాయి. మా టీవీలో బొమ్మ ఎప్పుడూ కాస్త పసుపుగా, కాస్త వెలిసినట్టుగా, మసక సాయంత్రంలా ఉంటుంది. అలా ఉండడానికి ఒక కారణం ఉంది. మావయ్యగారికి కళ్ళలో శుక్లాలు తీసేశాక లోకమంతా ఉన్నట్టుండి నీలంగా, మరీ తెల్లగా కనిపించడం మొదలైందట. ముసిరిన కటకం పోయి కొత్తది వస్తే చాలామందికి అలాగే అనిపిస్తుందని డాక్టరుగారు చెప్పారు. కానీ మావయ్యగారు ఊరుకుంటారా? ఒక మధ్యాహ్నమంతా రిమోట్ పట్టుకు కూర్చుని రంగు తగ్గించి, వెలుతురు పెంచి, బొమ్మకి కాస్త వెచ్చదనం అద్ది, తన కంటికి సరిపోయేలా చేసుకున్నారు. పిల్లలు గోల పెట్టారు. "మీకు బాగుండాలంటే మీ ఫోన్లు ఉన్నాయిగా" అన్నారాయన. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ రంగుని ఎవ్వరం ముట్టుకోలేదు.

ఫోన్ చేస్తే ఆ కుర్రాడు తడుముకోకుండా చెప్పాడు. "సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేయండి మేడం, ఫ్రెష్‌గా వస్తుంది." సరేనని వెళ్ళాను. అన్ని సెట్టింగులూ చెరిగిపోతాయి, కొనసాగించాలా అని అడిగింది టీవీ. వేలు బటన్ మీదే ఉంది. అన్నీ చెరిగిపోతాయంటే, ఇంకా లోపల ఏదో ఉన్నట్టేగా! లేనిదాన్ని చెరపడానికి ఇంత పర్మిషన్ ఎందుకు? వద్దని నొక్కి రిమోట్ పక్కన పెట్టేశాను.

మా అబ్బాయిని అడిగితే "మెమరీ చిప్‌లో ఉంటాయమ్మా" అని ఒక ముక్క చెప్పి బయటికి పోయాడు. ఏ చిప్పు? అందులో ఎలా ఉంటాయి? కరెంటు పోతే ఎందుకు పోవు? ఆ మూడు ప్రశ్నలూ పట్టుకుని నాలుగు రోజులు, అన్నం వార్చుకుంటూ, బట్టలు మడత పెట్టుకుంటూ, దొరికిందల్లా చదివాను. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, నాకు సర్క్యూట్లు తెలియవు. కానీ ఇదంతా నాకు తీగల కథలా కాక జ్ఞాపకం కథలా కనిపించింది, అందుకే మీకూ చెబుతున్నాను.

నా చిన్నప్పటి టీవీకి జ్ఞాపకం లేదు. హైదరాబాద్ ఇ.సి.ఐ.ఎల్. వాళ్ళు చేసిన ఇ.సి. టీవీ మా వీధిలో రెండిళ్ళలో ఉండేది, నలుపూ తెలుపూ. చానల్‌కి ఒక నాబ్, కిర్రు కిర్రుమని తిరిగేది. వెలుతురుకి ఒకటి, బొమ్మ జారిపోతుంటే నిలబెట్టడానికి ఇంకొకటి. ఆ నాబ్ ఎక్కడ ఆగిందో అదే సెట్టింగ్. రాత్రి ఆపి పొద్దున్న పెట్టినా అక్కడే ఉంటుంది, ఎందుకంటే దాన్నెవరూ తిప్పలేదు కాబట్టి. మన వంటింట్లో గ్రైండర్ నాబ్‌కి ఎంత జ్ఞాపకం ఉందో దానికీ అంతే. పక్కింటి పిల్లాడు వచ్చి తిప్పితే పోయినట్టే, మళ్ళీ పెద్దవాళ్ళ చెయ్యి పడాలి. జ్ఞాపకం టీవీలో కాదు, నాన్నగారి వేళ్ళలో ఉండేది.

తర్వాత రంగుల టీవీలు వచ్చాయి. వాటిలో ముందువైపు ఒక చిన్న తలుపు ఉండేది, గుర్తుందా? దాన్ని నొక్కి తెరిస్తే లోపల వరసగా చిన్న చిన్న చక్రాలు, ఒక్కో బటన్‌కి ఒక్కో చక్రం. గోటితో గానీ ప్లాస్టిక్ పుల్లతో గానీ తిప్పి, బొమ్మ కుదిరాక వదిలేస్తే, ఇక ఆ బటన్ నొక్కినప్పుడల్లా అదే చానల్. ఒక నాబ్ చేసే పనిని పన్నెండు చక్రాలకి పంచారన్నమాట. తెరకి "ఇది గుర్తుంచుకో" అని చెప్పే వీలు మన ఇళ్ళలోకి అలా వచ్చింది. కాకపోతే ఆ గుర్తు కూడా చక్రం ఆగిన చోటే. దుమ్ము పడితే మరిచిపోయేది.

అసలు జ్ఞాపకం ఆఫీసుల్లో కంప్యూటర్లకి తగిలించే తెరలకి కూడా దక్కింది. 1978లో అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే సంస్థ వీటీ100 అనే తెరని బజారులో పెట్టింది. అంతకుముందు అలాంటి తెరల్లో ఏదన్నా మార్చాలంటే లోపలి స్విచ్చులతో, తీగలతో కుస్తీ పట్టాలి. వీటీ100లో సెటప్ అని ఒక మీట పెట్టారు. అది నొక్కి, పైబాణం కిందబాణం మీటలతో వెలుతురు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. అచ్చం మావయ్యగారు చేసినట్టే! కానీ అక్కడితో వదిలేస్తే, తెర ఆపగానే ఆ మార్పు గాలికి పోతుంది. ఉండిపోవాలంటే షిఫ్ట్‌తో పాటు ఎస్ నొక్కాలి. దాచుకున్నదాన్ని మళ్ళీ రప్పించాలంటే షిఫ్ట్‌తో ఆర్. దాస్తున్నంతసేపూ, తీస్తున్నంతసేపూ తెర మీద "వెయిట్" అని పడేది, కాస్త ఆగమన్నట్టు.

నాకు ఇక్కడ అవధానం గుర్తొచ్చింది. కాలేజీలో ఉండగా మా మేష్టారు ఒకసారి అష్టావధానానికి తీసుకెళ్ళారు. పద్యం చెప్పడం ఒక ఎత్తు, చివర్లో అన్నిటినీ వరస తప్పకుండా అప్పజెప్పడం ఇంకో ఎత్తు, దాన్నే ధారణ అంటారని చెప్పారు. ఆ తెరకీ రెండు రకాల జ్ఞాపకం ఉంది. ఒకటి పలక, రాసుకోవడం చెరుపుకోవడం. ఇంకోటి తాటాకు, గంటంతో గీస్తే ఉండిపోతుంది. ఎస్ అంటే పలక మీది దాన్ని తాటాకు మీదికి ఎక్కించడం, ఆర్ అంటే తాటాకులోది పలక మీదికి దించడం.

మరి అలాంటి తాటాకుల్ని దేంతో చేస్తారు? ఈ భాగం నాకు బాగా నచ్చింది.

1967లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఇద్దరు పనిచేసేవారు. ఒకాయన కొరియాలో పుట్టిన డావన్ కాంగ్, ఇంకొకాయన చైనాలో పుట్టి తైవాన్‌లో పెరిగిన సైమన్ జీ. కరెంటు పోయినా గుర్తుంచుకునే ట్రాన్సిస్టర్ ఎలా చెయ్యాలా అని ఆలోచిస్తున్నారు. మధ్యాహ్నం భోజనంలో వాళ్ళ ముందుకి పొరలు పొరలుగా ఉన్న కేకు వచ్చిందట. ట్రాన్సిస్టర్లో కూడా మధ్యలో ఇంకో పొర పెడితే? అలా తట్టింది ఫ్లోటింగ్ గేట్, అంటే చుట్టూ దేనికీ అంటుకోకుండా తేలుతున్న పొర. వాళ్ళు ఆత్రేయపురంలో కూర్చుని ఉంటే పూతరేకు చూసి కూడా తట్టేదేమో!

ఆ పొరకి చుట్టూతా కరెంటుని పోనివ్వని గాజులాంటి పూత ఉంటుంది. గట్టిగా వోల్టేజీ పెడితే కొన్ని ఎలక్ట్రాన్లు ఆ పూతని దాటుకుని లోపలి పొరలోకి పోతాయి. వోల్టేజీ తీసేశాక బయటికి రాలేవు. ప్లగ్గు పీకేసినా, టీవీని అటక మీద పెట్టినా, అవి అక్కడే. లోపల ఎలక్ట్రాన్లు ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం. అలాంటి గళ్ళు కొన్ని కలిస్తే ఒక అంకె అవుతుంది, ఆ అంకె వెలుతురు 78 కావచ్చు, రంగు 35 కావచ్చు. మావయ్యగారు ఆ మధ్యాహ్నం చేసిందంతా చివరికి కొన్ని గళ్ళలో ఎలక్ట్రాన్లని బంధించడమే.

ఆ ఆలోచనని అమ్ముడుపోయే చిప్పుగా చేసినాయన డవ్ ఫ్రోమన్. ఇంటెల్‌లో ఉండగా, కొన్ని చిప్పులు ఎందుకు పాడైపోతున్నాయో చూడమని పని అప్పగించారు. చూస్తే, వాటిలో కొన్ని పొరలు తెగి, దేనికీ అంటకుండా తేలుతున్నాయి, విద్యుత్తుని పట్టుకుని వదలట్లేదు. ఇది లోపం కదా, దీన్నే వాడుకుంటే? అని 1971లో ఈప్రామ్ అనే చిప్పు చేశాడు. దాంట్లో రాసింది చెరపాలంటే చిప్పు నెత్తిన ఉన్న చిన్న కిటికీలోంచి అతినీలలోహిత కాంతి పడేలా పెట్టాలి. అనవసరంగా వెలుతురు పడి చెరిగిపోకుండా ఆ కిటికీ మీద స్టిక్కరు అంటించేవారు.

ఈయన గురించి ఇంకాస్త చదివి చాలాసేపు అలా ఉండిపోయాను. 1939లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదుల ఇంట పుట్టాడు. నాజీలు వచ్చాక అమ్మానాన్నలు పసివాణ్ణి కాపాడుకోవడానికి ఎవరి చేతికో అప్పగించేశారు. ఒక డచ్చి రైతు కుటుంబం వాణ్ణి తమ ఇంట్లో దాచి పెంచింది. కన్నవాళ్ళు మళ్ళీ రాలేదు, ఆ మారణకాండలో పోయారు. మూడేళ్ళవాణ్ణి ఎవరికో ఇచ్చేసి తలుపు వేసుకున్న ఆ తల్లి రాత్రి ఎలా గడిపిందో మీరూ నేనూ ఊహించుకోగలం. ఆ పిల్లవాడు పెద్దయి యంత్రాలకి మరిచిపోకుండా ఉండడం నేర్పాడు. ఆ రెంటికీ సంబంధం ఉందని ఆయనేం చెప్పలేదు. నేనూ అంటగట్టను.

కిటికీ అక్కర్లేకుండా కరెంటుతోనే రాసి, కరెంటుతోనే చెరిపే చిప్పులు 1970ల చివరికల్లా వచ్చేశాయి. తర్వాత అవి చవకై మన టీవీల్లో, మానిటర్లలో దూరాయి. ముందు తలుపూ, చిన్న చక్రాలూ అప్పుడే మాయమయ్యాయి.

ఇక కంప్యూటర్ తెరలది వేరే అవస్థ. టీవీకి వచ్చే సంకేతం ఒక్క రకమే. కంప్యూటర్‌కి అలా కాదు, ఒక్కో ప్రోగ్రాముకి ఒక్కో కొలత బొమ్మ. కొలత మారితే బొమ్మ పక్కకి జరుగుతుంది, లేదా పైనుంచి నొక్కినట్టవుతుంది. 1987లో ఐబీఎం వీజీఏ తెచ్చినప్పుడు దీనికి ఒక తేలిక ఉపాయం చేశారు. బొమ్మతో పాటు తెరకి "ఇప్పుడు కొత్త గీత, ఇప్పుడు కొత్త బొమ్మ" అని చెప్పే రెండు తాళాలు వెళ్తాయి. ఆ తాళాలు పైకి కొడుతున్నాయా, కిందికి కొడుతున్నాయా అన్నదాన్ని బట్టి బొమ్మలో 350 గీతలా, 400లా, 480లా అని తెర గ్రహిస్తుంది.

1990లలో మానిటర్లకి బుర్ర వచ్చాక ఇంకా ముచ్చటగా తయారయ్యాయి. 640కి 480 బొమ్మ వస్తే గీతల తాళం సెకనుకి సుమారు 31,500 సార్లు. 1024కి 768 వస్తే సుమారు 48,400 సార్లు. మానిటర్ నాడి పట్టుకున్న వైద్యుడిలా ఆ తాళం లెక్కపెట్టి, "ఓహో, ఈయన ఇంతకుముందు వచ్చిన ఆయనే" అని గుర్తుపట్టి, పోయినసారి మనం బొమ్మని ఎక్కడికి జరిపామో అక్కడికే జరిపేది. కొత్త నాడి వస్తే కొత్త గడి తీసుకునేది. అంటే వెలుతురెంత అని ఒక్కటే కాదు, ఎవరు వచ్చినప్పుడు ఎంత అని కూడా గుర్తుపెట్టుకోవడం. ఇంట్లో ఆడవాళ్ళం చేసే పనే ఇది. పెద్దాడపడుచు వస్తే కాఫీలో చక్కెర సగం, బాబాయిగారికి అసలు వద్దు.

ఈ సంగతిని కాస్త పట్టుకోండి, దీంతో మళ్ళీ పనుంది.

ఇంతవరకూ తెర వింటోంది, అవతలివాడు చెబుతున్నాడు. 1994లో వెసా అనే సంఘం, అంటే తెరలూ వీడియో కార్డులూ చేసేవాళ్ళంతా కలిసి పెట్టుకున్నది, దీన్ని తిరగేసింది. తెర తన గురించి తనే ఒక చీటీ రాసి పెట్టుకుంటుంది, తీగ తగిలించగానే అవతలి యంత్రం ముందు ఆ చీటీ చదువుకుని, తర్వాతే బొమ్మ పంపుతుంది. ఆ చీటీ పేరు ఈడీఐడీ. అది 128 బైట్లు, అంటే మన తెలుగులో రెండు చిన్న వాక్యాలు కూడా పట్టనంత. అందులోనే తయారుచేసినవాళ్ళకి మూడక్షరాల గుర్తు, ఏ ఏడాది ఏ వారంలో తయారయిందో, తెర వెడల్పూ ఎత్తూ ఎన్ని సెంటీమీటర్లో, రంగులు ఎలా పలుకుతుందో, ఏయే కొలతల బొమ్మ చూపించగలదో, పేరేమిటో, అన్నీ ఇరికించారు. పెళ్ళిచూపులకి పంపే బయోడేటా అనుకోండి, ఎత్తుతో సహా!

చివరి బైటు మరీ నచ్చింది నాకు. మొత్తం 128 అంకెలూ కూడితే 256తో నిశ్శేషంగా భాగింపబడాలి, అలా కుదిరేలా ఆఖరి అంకె వేస్తారు. కుదరకపోతే చీటీ ఎక్కడో పాడయిందని అవతలివాడికి తెలిసిపోతుంది. పాల లెక్క రాసుకునే ప్రతి ఇల్లాలికీ అడుగున వేసే మొత్తం సంగతి తెలిసిందే.

ఇంకో చమత్కారం ఉంది. ఆ చీటీ చదవడానికి తెర ఆన్‌లో ఉండక్కర్లేదు. అవతలి యంత్రమే తీగలోంచి 5 వోల్టులు పంపి ఆ చిన్న చిప్పుని మేలుకొలిపి చదువుకుంటుంది. పెద్దావిడ నిద్రలోనే "ఎవరూ?" అంటే పేరు చెప్పినట్టు. చీటీ చదవడానికి వాడే రెండు తీగల భాష కూడా 1982లో ఫిలిప్స్ వాళ్ళు టీవీ లోపలి చిప్పులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికని చేసిందే. టీవీ కడుపులో ఉన్న భాష పన్నెండేళ్ళకి గుమ్మం దాటి బయటికొచ్చింది. 2002 డిసెంబరులో హెచ్‌డీఎంఐ వచ్చినప్పుడు ఈ చీటీ పద్ధతినే పెట్టుకుని, ఇంకో 128 బైట్ల కాగితం జోడించి, శబ్దం సంగతులు కూడా రాశారు. సెట్‌టాప్ బాక్స్ పెడితే ఒక్కోసారి "నో సిగ్నల్" అని వచ్చి, తీగ పీకి మళ్ళీ పెడితే బొమ్మ వస్తుంది చూడండి, చాలాసార్లు జరిగేది ఈ చీటీని మళ్ళీ చదువుకోవడమే.

ఇదంతా చదివాక టీవీ వెనక్కి వెళ్ళి చూశాను. మా టీవీకి మూడు హెచ్‌డీఎంఐ సాకెట్లు. ఒక్కో సాకెట్‌కీ తన చీటీ తనదే, ఒక్కో గుమ్మం వేరు. అప్పుడు ఆ మానిటర్ నాడి సంగతి గుర్తొచ్చింది. చాలా టీవీలు బొమ్మ సెట్టింగుల్ని కూడా గుమ్మాన్ని బట్టే దాచుకుంటాయట. మొదటి గుమ్మంలోంచి వచ్చినవాళ్ళకి ఒక వెలుతురు, రెండో గుమ్మంలోంచి వచ్చినవాళ్ళకి ఇంకొకటి. మన పాత బాక్స్ మొదటి సాకెట్‌లో ఉండేది. ఆ కుర్రాడు కొత్తదాన్ని, చెయ్యి తేలిగ్గా అందిందనేమో, రెండోదాంట్లో పెట్టి వెళ్ళాడు. ఆ గుమ్మంలోకి ఇంతవరకూ ఎవరూ అడుగుపెట్టలేదు, అందుకే ఫ్యాక్టరీ వాళ్ళు షోరూములో మెరవడానికి పెట్టిన కాంతి అలాగే ఉంది.

దుమ్ములో చెయ్యి పెట్టి, తీగ పీకి, మొదటి సాకెట్‌లో గుచ్చాను. రిమోట్‌తో హెచ్‌డీఎంఐ 1 అని నొక్కాను. తెర ఒక్క క్షణం నల్లబడింది. పాతకాలం వీటీ100 అయితే "వెయిట్" అనేది. తర్వాత బొమ్మ వచ్చింది, పసుపుగా, కాస్త వెలిసినట్టుగా.

అత్తయ్య పడక్కుర్చీలోంచి తల కూడా తిప్పకుండా అన్నారు. "ఆఁ. ఇప్పుడు కనిపిస్తోంది."

మా అబ్బాయికి చెబితే "ఇంతేనా" అన్నాడు. ఇంతే. కానీ నేను ఆ రాత్రి రీసెట్ నొక్కి ఉంటే మూడు గుమ్మాలూ ఒక్కసారే తుడుచుకుపోయేవి.

ఇలాంటి చిప్పుల జ్ఞాపకం 40 ఏళ్ళనీ, 100 ఏళ్ళనీ తయారుచేసేవాళ్ళు రాసుకుంటారు. చిప్పు ఉంటుంది సరే, టీవీ ఉండొద్దూ? ఇప్పటికే ఒక మూల సన్నటి నల్ల గీత పడింది. బోర్డు పోయి మెకానిక్ కొత్తది వేస్తే పాత చిప్పు ఏ చెత్తబుట్టలో పడుతుందో. అందుకని మర్నాడు మధ్యాహ్నం పద్దుల పుస్తకం తెచ్చుకుని, మెనూ తెరిచి, ఆఖరి పేజీలో ఒక్కొక్కటే రాసుకున్నాను. వెలుతురు 78. కాంట్రాస్ట్ 60. రంగు 35. టోన్ వెచ్చన. కొత్త టీవీలో 78 అంటే ఇదే వెలుతురు కాదని నాకు తెలుసు, ఒక్కో తెర కొలత ఒక్కోటి. అయినా రాశాను.

అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని పుస్తకంలోకి తొంగి చూశారు.

"అన్నీ రాశావా?"

"రాశానత్తయ్యా."

"సౌండు రాయలేదే. ఆయన 22 దగ్గర పెట్టేవారు, వార్తలప్పుడు 26."